అడుగు ఇసుక

మార్చి 3

ఏమో వదినకు,

నీ ఆడపడుచు చేపపిల్ల రాసేది. పెట్టె మెల్లగా తెరువు. ఈ కాగితాన్ని సీసాల మధ్య కుక్కింది నువ్వు చదవాలనే కాదు, అవి ఒకదాన్నొకటి కొట్టుకోకుండా కూడా. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో మనం మూడో మాటకే పోట్లాటకు దిగుతాం, అన్నయ్య స్పీకర్ పెట్టుకుని వినోదం చూస్తాడు. కాగితం మీదయితే నువ్వు మధ్యలో "అలా కాదు" అని అడ్డం రాలేవు.

ఓడ సంగతి పేపర్లో చదివే ఉంటావు. రేవు బయట రాతిగుట్ట ఎక్కి పొట్ట చించుకుంది. తెల్లారేసరికి ఒడ్డంతా నల్లటి నూనె. వారం పాటు మా ఇంట్లో మంచినీళ్లు కూడా పెట్రోలు బంకులో తాగినట్టే ఉండేవి. తర్వాత ఓడ కంపెనీ వాళ్లు పడవల్లో తిరిగి ఏదో మందు చల్లారు. నూనె మాయమైంది. ఊరంతా చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఇప్పుడు సముద్రం తుడిచిన అద్దంలా ఉంది.

అయినా ఒక్కరూ రావడం లేదు. ముందుగా చెప్పుకున్నవాళ్లంతా వద్దనుకున్నారు. ఒకాయనయితే, "ఈతకు రమ్మంటున్నారా, వేపుడుకు రమ్మంటున్నారా?" అన్నాడు. జనాన్ని నీటి అడుక్కి తీసుకెళ్లి పగడపు దిబ్బ చూపించడం తప్ప మాకు వేరే పని రాదని నీకు తెలుసు. వానలకు ముందున్న ఈ రెండు నెలలే మా ఏడాది. ఇవి పోతే పడవ అమ్మేసి వాళ్లన్నయ్య టైర్ల కొట్లో చేరతానంటున్నాడు మా ఆయన. నేను టైర్ల మధ్య కూర్చుని గాలి కొడుతున్నట్టు ఊహించుకో, నవ్వొస్తే నవ్వుకో.

నేను దిగి చూశాను. హెడ్మాస్టారు తన గుహ గుమ్మంలోనే ఉన్నాడు. (మా పెద్ద చేప. వచ్చేపోయేవాళ్లను కనుబొమలు ముడిచినట్టు చూస్తాడని ఆ పేరు పెట్టాం.) పగడాలు మాత్రం చెమట పట్టినట్టు కాస్త జిగురు కారుస్తున్నాయి. ఎండలకేమో. చూశావా, నీ ఏమో నాకూ అంటుకుంది.

నువ్వు చెప్పినట్టే దిబ్బ దగ్గర అడుగు దాకా వెళ్లి సీసాల మూతలు తీసి నీళ్లు నింపాను. నీ ల్యాబులో పరీక్ష చేసి రెండు ముక్కలు రాయి. యూనివర్సిటీ మనిషి రాస్తే జనం నమ్ముతారు.

నీ చేపపిల్ల


మార్చి 14

చేపపిల్లకు,

సీసాలు భద్రంగా చేరాయి. పెట్టె విప్పగానే మీ అన్నయ్య మూత తీసి వాసన చూడబోయాడు, చేతి మీద ఒకటి వేశాను. "మా చెల్లెలి సముద్రం, నాకు హక్కుంది" అన్నాడు.

పరీక్ష చేశాను. మా చీకటి గదిలో ఒక దీపం ఉంది. నీళ్లలో నూనె ఉంటే దాని వెలుగులో పాలనీలంగా మెరుస్తుంది. నీ సీసాలు ఏవీ మెరవలేదు. నమ్మకం చాలక మర్నాడు మళ్లీ చేశాను, అప్పుడూ లేదు. కాబట్టి రాస్తున్నాను: పగడపు దిబ్బ దగ్గర తీసిన ఈ నీళ్లలో నూనె జాడ లేదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి.

నా జీవితంలో ఇంత సూటిగా ఒక వాక్యం రాయడం ఇదే మొదలనుకుంటాను. మీ అన్నయ్యను చేసుకుంటావా అని మావాళ్లు అడిగినప్పుడు కూడా "చేసుకుంటానేమో" అన్నాను. ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాడు. కాగితం అయిపోయింది, వెనక్కి తిప్పు.

ఆ వాక్యం రాశాక మనసు ఊరుకోవడం లేదు. నేను చూసింది సీసాలను, సముద్రాన్ని కాదు. అక్కడున్నదంతా సీసాలోకి వచ్చి తీరాలని లేదు కదా. మాయమైన నూనె ఎక్కడికి పోయినట్టు? మందు చల్లితే నూనె చిన్న చిన్న బొట్లుగా చెదురుతుందంటారు, చెదిరింది లేకుండా పోదు. పగడాల జిగురు ఎండలకేనా? నేను చదువుకున్నది నత్తల గురించి, పగడాల గురించి అంత తెలియదు. ఇంకో నెల ఆగితే మంచిదేమో. ఆగాలని గట్టిగా చెప్పడానికి నా దగ్గర రుజువూ లేదు. నువ్వే ఆలోచించు.

మీ ఆయనకు టైర్ల మాట ఎత్తవద్దని చెప్పు.

మీ వదిన


మార్చి 22

బంగారం లాంటి వదినకు,

నీ ఉత్తరం చదివి మా ఆయన నవ్వాడు, ఓడ గుట్ట ఎక్కినప్పటి నుంచి నవ్వని మనిషి. నీ పేజీని అద్దం పలకలో బిగించి కొట్లో గోడకి కొట్టేశాం. పక్కన "చూడండి, ముట్టుకోకండి" అనే మా పాత బోర్డు, ఇటు నువ్వు. వచ్చినవాళ్లందరూ ముందు నిన్నే చదువుతున్నారు. చేసుకుంటానేమో దగ్గరికి వచ్చి నవ్వుతున్నారు. నవ్విన మనిషి నమ్ముతాడు వదినా, వ్యాపారంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

తెరిచేశాం. రెండు జట్లు వచ్చి వెళ్లాయి, అందరూ ఈత బాగా వచ్చినవాళ్లు, హాయిగా చూసి వెళ్లారు.

వెనక వైపు కూడా చదివాన్లే. కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగితే సరిపోయిందేమో అనే మనిషివి, అక్కడ ఇంకేం రాస్తావు? అన్నయ్య కూడా ఫోన్లో అన్నాడు, "అది శుభ్రం అని రాసిందంటే పది మంది రాసినట్టు లెక్క, ఇంకేం చూడకు" అని.

సెలూన్ మాత్రం మూసి ఉంది. నీకు చెప్పలేదు కదూ, దిబ్బకి తూర్పు వైపు ఒక పగడపు గుండు ఉంది. అక్కడ వేలెడు చేపలు పెద్ద చేపల పళ్లూ మొప్పలూ శుభ్రం చేసి పెడతాయి. పెద్దవన్నీ నోరు తెరుచుకుని బుద్ధిగా వరసలో నిలబడతాయి. హెడ్మాస్టారు కూడా అక్కడ పిల్లాడిలా నిలబడాల్సిందే. ఇప్పుడు వేలెడు చేపలూ లేవు, వరసా లేదు. హెడ్మాస్టారు గుమ్మం వదిలి లోపలికి జరిగి కూర్చుంటున్నాడు. జనం అలవాటు తప్పి సిగ్గుపడుతున్నాడు కాబోలు.

నీ చేపపిల్ల


మార్చి 30

చేపపిల్లకు,

నా ఉత్తరాన్ని గోడకి కొట్టావా? అది నీకు రాసింది. కొట్లోకి వచ్చే వాళ్లందరికీ రాయలేదు. ఒక వైపే కనిపించేలా ఎలా కొట్టావు? పలక వెనక ఉన్న కాగితాన్ని ఎవరు తిప్పుతారు?

మీ అన్నయ్యతో మాటలు మానేశాను. నా తరపున ఆయనెవరు హామీ ఇవ్వడానికి? "నీ మీద నమ్మకంతో అన్నాను, అదీ తప్పేనా" అంటాడు. అంత నమ్మకం ఉన్నవాడు నేను ఆగమన్నది కూడా నమ్మాలి కదా. ఇద్దరం చెరో గదిలో అన్నం తింటున్నాం. గిన్నెలు మాత్రం ఎప్పటిలాగే ఆయనే కడుగుతున్నాడు, ఈసారి కాస్త చప్పుడు చేస్తూ.

సెలూన్ గురించి చదివిన దగ్గర నుంచి కుదురు లేదు. సిగ్గు కాదమ్మా అది. చేపలకు సిగ్గుండదు. ఆ చిన్నవి ఎక్కడికి వెళ్లాయి? ఇసుక మీద పాకే ఆ గుండ్రటి ప్రాణులు, ముళ్లబంతులు, ఎలా ఉన్నాయి, ముళ్లు నిలబడి ఉన్నాయా, రాలుతున్నాయా? ఇంకో మాట. సీసాలు ఎలా నింపావు, ఏ భంగిమలో, ఎక్కడ నిలబడి? అడుగడుగునా చెప్పు. పలక గోడ మీంచి దించు. దయచేసి.

వదిన


ఏప్రిల్ 6

వదినకు,

పలక దించాను. నువ్వు అడిగినందుకు కాదు.

మొన్న ఒక బ్యాంకు గుమాస్తా వచ్చింది, మన వయసే ఉంటుంది. ఈత రాదు. చిన్నప్పటి నుంచి నీటి కింద చూడాలని కోరికట, భర్తకు చెప్పకుండా వచ్చింది. ఒడ్డున అన్నీ నేర్పి, చెయ్యి పట్టుకుని దించాను. అడుక్కి చేరగానే భయపడి కాళ్లు టపటపా కొట్టుకుంది. కాళ్లకు తొడిగిన రెక్కలు ఇసుకని చిమ్మాయి. ఇసుక లేవడం మామూలే, తెల్లగా లేచి తెల్లగా కూర్చుంటుంది. ఇది గోధుమ రంగులో లేచింది. లేచింది కూర్చోలేదు. తీగలు తీగలుగా మా చుట్టూ తిరిగింది. పైకి వచ్చేసరికి ఆమె ముఖానికి పెట్టుకున్న అద్దం మీద జిడ్డు, నోట్లో పెట్టుకునే గొట్టం నిండా వాసన. పడవలోనే వాంతి చేసుకుంది. మెడ మీద, మణికట్ల మీద దద్దుర్లు. ఆసుపత్రిలో రెండు రోజులుంచి పంపారు. వెళ్తూ నాకు నమస్కారం పెట్టింది వదినా, తిట్టినా బాగుండేది.

ఇంకోటి విను. ముందు వారం ఓడ కంపెనీ అధికారి ఒకాయన కొట్లోకి వచ్చి, నీ పేజీకి ఫోటో తీసుకున్నాడు. ముచ్చటపడ్డాడనుకుని టీ కూడా ఇచ్చాను. "దిబ్బ శుభ్రంగా ఉందని పరీక్షించినవారే రాశారు" అంటూ ఆ ఫోటో రేవు ఆఫీసుకి ఇచ్చారట. శుభ్రం చేసే పడవలు వెళ్లిపోయాయి. ఫోటోలో కింద "వెనక్కి తిప్పు" అని కూడా కనిపిస్తోంది, ఎవరూ తిప్పలేదు.

ఇప్పుడు నన్నొకటి అడగనీ. వెనక వైపు రాసిందంతా నీకు ముందే తెలుసు కదా. తెలిసినదాన్ని అంత మెత్తగా ఎందుకు రాశావు? నువ్వు చక్కెరకీ ఏమో అంటావు, చీర రంగుకీ ఏమో అంటావు, నూనెకీ ఏమో అన్నావు. ఏది ఉత్తుత్తి ఏమోనో, ఏది ప్రాణం మీదికి వచ్చే ఏమోనో నాకెలా తెలుస్తుంది?

సీసాలు ఎలా నింపానని అడిగావు. ఎలా నింపుతాను, ఎప్పుడూ ఉండేలాగే. అడుక్కి మూరెడు పైన, గాలిలో గద్దలా తేలుతూ, కాలు కదపకుండా, ఒక్క ఇసుక రేణువు లేవకుండా. అడుగు తాకినవాడు ఆ సాయంత్రం అందరి సామాను కడగాలన్నది మా కొట్లో నియమం. నేను పెట్టిన నియమం. ఇరవై ఏళ్లుగా నేను ఒక్కసారి కూడా కడగలేదు.

ముళ్లబంతుల ముళ్లు రాలుతున్నాయి.


ఏప్రిల్ 13

చేపపిల్లకు,

ఎందుకు మెత్తగా రాశానని అడిగావు. తెలిసి ఉండీ మెత్తగా రాయడం కాదు, తెలియకే అలా రాశాను. కానీ తెలియదు అన్న మాటను కూడా నేను గట్టిగా అనలేదు. "నాకు తెలియదు, అందుకే దిగొద్దు" అని రాసి ఉండాల్సింది. "నువ్వే ఆలోచించు" అని రాశాను. అది వినయం అనుకున్నాను. బరువు ఎత్తి నీ నెత్తిన పెట్టడం అని ఇప్పుడు అనిపిస్తోంది.

నీ ఉత్తరంలో "ఒక్క ఇసుక రేణువు లేవకుండా" అన్న దగ్గర ఆగిపోయాను. నేను నీళ్లు పంపమన్నాను, నువ్వు నీ పద్ధతిలో నీళ్లు మాత్రమే పంపావు. చెదిరిన నూనె బురదకీ ఇసుకకీ అంటుకుని అడుక్కి దిగిపోయి ఉంటుంది. దాన్ని లేపకుండా పైన తేలుతూ నింపావు. నీకంటే మోటుగా ఈదే మనిషి ఎవరు నింపినా ఆ సీసా మెరిసి ఉండేది. నేను అడిగినదానికే జవాబు చెప్పే మనిషిని, నువ్వు అడుగు తాకని మనిషివి. ఇద్దరం మన మన మంచి అలవాట్లతోనే కలిసి ఈ పని చేశాం.

ఇసుక కావాలి. దిబ్బ కింద, సెలూన్ దగ్గర, హెడ్మాస్టారు గుమ్మంలో. గాజు సీసాల్లోనే. ఒళ్లంతా కప్పే సూటు వేసుకో, చేతులకు తొడుగులు, ఒక్కసారే దిగు, మళ్లీ దిగొద్దు. ఇందులో ఏమో లేదు.

ఇది చదివిన మీ అన్నయ్య నా గదిలోకి కంచం తెచ్చుకుని కూర్చున్నాడు.

వదిన


ఏప్రిల్ 20

వదినా,

ఇసుక పంపుతున్నాను.

దిగాను. అడుక్కి వెళ్లాక చాలాసేపు తేలుతూనే ఉండిపోయాను. చెయ్యి కిందికి పోనంది. నువ్వు చదువుకున్నదానివి, ఇది వింతగా ఉంటుంది నీకు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ ముంజేతుల దాకా దింపాను. పైన తెల్లగా ఉన్నా లోపల నల్లగా, జిగటగా ఉంది. తొడుగులకు అంటింది ఎంత కడిగినా వదల్లేదు, పారేశాను.

హెడ్మాస్టారు లేడు. గుహ చివరి దాకా దీపం వేసి చూశాను. ఆయన రోజూ ఆనుకుని కూర్చునే చోట రాయి నున్నగా అరిగి ఉంది, అంతే.

సాయంత్రం సామానంతా నేనే కడిగాను. మా ఆయన సాయానికి వస్తే వద్దన్నాను.


ఏప్రిల్ 29

చేపపిల్లకు,

దీపం కింద పెట్టగానే మెరిసింది. ఎన్నిసార్లు చేశానని అడగకు. నీ హెడ్మాస్టారి గుమ్మంలో ఇసుకే అన్నిటికంటే ఎక్కువ. సీసా పట్టుకుని చీకటి గదిలో కూర్చుండిపోయాను. నీలంగా, చాలా అందంగా ఉంది. అంత అందంగా ఉండటం అన్యాయం అనిపించింది.

మా విభాగాధిపతికి చెప్పాను. ఆయన నెమ్మదిగా, "ముందు శుభ్రం అన్నది మీరే, ఇప్పుడు కాదనేదీ మీరే. ఎవరైనా నవ్వుతారమ్మా, ఊరుకోండి" అన్నారు. ఊరుకోవాలని ఒక పూట అనిపించింది, దాచను. నాకు నవ్వులంటే భయం. ఎప్పుడూ తప్పు కాకూడదనే కదా ప్రతి వాక్యం చివరా ఒక తలుపు తెరిచి ఉంచుతాను.

దీంతో ఇంకో కాగితం పెట్టాను, కొట్టుకోసం రాసింది. నకలు రేవు ఆఫీసుకి పంపాను. ఒక వైపు ఇంతే ఉంది: "ఈ దిబ్బ దగ్గర ఇసుకలో నూనె ఉంది. నీళ్లలో దిగొద్దు." కింద నా పేరు, ఉద్యోగం, సంతకం. రెండో వైపు మొదట ఏం రాశానో, అది ఎలా తప్పయిందో, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలో రాశాను.

ఇది గోడకెక్కితే నీ కొట్టు మూతపడుతుంది. టైర్ల కొట్టు నాకు గుర్తుంది. నా చేత్తోనే మూయిస్తున్నాను. పెట్టాలా వద్దా అన్నది నీ ఇష్టం అని రాయబోయి కొట్టేశాను, పైన మరక అదే. పెట్టు.

వదిన


మే 5

వదినకు,

పెట్టాను. గోడకి కొట్టలేదు. గుమ్మంలో దారం కట్టి వేలాడదీశాను. గాలికి అదే తిరుగుతుంది, రెండు వైపులా చదవచ్చు, ఎవరి దయా అక్కర్లేదు.

రేవు ఆఫీసులో సమావేశం పెట్టారు. కంపెనీ అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఒకే చెయ్యి రెండు రకాలుగా రాసింది, ఏది నమ్మమంటారు?" అన్నాడు. గది నవ్వింది, నువ్వు భయపడ్డట్టే. నేను లేచి, "మీ ఓడ కూడా ముందు అదే మంచి దారి అనుకుంది కదండీ, గుట్ట తగిలాకే కదా దిక్కు మార్చుకుంది" అన్నాను. ఈసారి నవ్వు ఆయన వైపు తిరిగింది. ఇసుకని వాళ్ల మనుషులు కూడా తీసుకెళ్లారు. శుభ్రం చేసే పడవలు మళ్లీ వస్తాయన్నారు. ఇంకా రాలేదు.

మా ఆయన టైర్ల కొట్టుకి వెళ్లాడు. పడవని అమ్మలేదు, ఒడ్డుకి లాగి కప్పేసి వెళ్లాడు. నేను దిగడం లేదు. నేను దిగితే నీ కాగితం అబద్ధమవుతుంది. రోజూ కొట్టు తెరిచి గుమ్మంలో కూర్చుంటున్నాను, దిగొద్దని చెప్పడానికి కూడా ఒక మనిషి ఉండాలి కదా. నిన్న గుమాస్తా వచ్చింది, భర్తను వెంటబెట్టుకుని. దద్దుర్లు తగ్గాయి. కాగితం తిరిగే దాకా నిలబడి రెండు వైపులా చదివింది. "మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది. రాసి ఉంది చదవండి అన్నాను. "అది చదివాను, మీరేమంటారు?" అంది. మా వదినని అడిగి చెప్తానన్నాను.

అందుకే నిన్ను అడుగుతున్నాను. సెలూన్ మళ్లీ తెరుస్తుందా వదినా? హెడ్మాస్టారు తిరిగి వస్తాడా?

ఏమో అన్నా నమ్ముతాను.

నీ చేపపిల్ల